పిల్లలు వచ్చే దిక్కు

కాలేజీలో నేను వాదపోటీల మనిషిని. ఇంజనీరింగ్ చదివే ఆడపిల్లలే తక్కువగా ఉన్న కాలం; వేదిక ఎక్కి మాట్లాడేవాళ్లు ఇంకా తక్కువ. పోటీకి వెళ్లేముందు మా మాస్టారు ఒక్కటే నియమం చెప్పేవారు: ఎదుటివారి వాదాన్ని వారికంటే బాగా చెప్పగలిగిన తర్వాతే దాన్ని కాదనడానికి నోరు తెరవాలి. ఆ నియమాన్ని వేదిక మీది నుంచి ఉద్యోగంలోకి తెచ్చుకున్నాను. అది నన్ను చాలాసార్లు నిలబెట్టింది. ఒకసారి, అతి ముఖ్యమైన చోట, పడగొట్టింది.

నా ఉద్యోగమంతా బడులు కట్టడంలోనే గడిచింది. కుప్పంలో మొదలై, పుంగనూరు మీదుగా మదనపల్లెలో ముగిసింది. పదవీ విరమణ తర్వాత, మా శాఖలో కొత్తగా చేరిన ఇంజనీర్లు కొందరు ఇంటికి వచ్చి అనుభవాలు రాయమన్నారు. ఏ ఏడు ఏ హోదా వచ్చింది, ఏ ఫైలు ఎక్కడ ఆగింది అన్నవి రాయను; అవి ఎవరి ఉద్యోగంలోనైనా ఒకటే. కాంక్రీటు పాళ్లు, గది కొలతలు పుస్తకాల్లో ఉన్నాయి. పుస్తకాల్లో లేని ప్రశ్న ఒకటుంది: ఈ బడికి పిల్లలు ఎటు నుంచి వస్తారు?

వినడానికి చిన్న ప్రశ్న. దాన్ని నాకు కుప్పంలో ఒక పెద్దాయన నేర్పాడు. మదనపల్లెలో అదే ప్రశ్న పదిమందిలో అడిగి ఓడిపోయాను. ఆ ఓటమి బరువు నా మీద పడలేదు. చదువుకోవలసిన ఒక ఆడపిల్ల మీద పడింది. ఈ రాతకు కారణం అదే.

కుప్పం: గంట కొట్టే వేళ

మొదటి పోస్టింగులో నా పై అధికారి గోవిందస్వామి గారు. తమిళం కలిసిన తెలుగు, నెమ్మదైన నడక, జేబులో ఎప్పుడూ ఒక వక్కపొడి పొట్లం. ఒక హైస్కూలుకు ప్రహరీ గోడ, కొత్త గదులు కట్టాలి. నేను నక్షాల చుట్ట, కొలత టేపు పట్టుకుని ఉదయమే సిద్ధమయ్యాను. ఆయన బడి ఎదుటి టీకొట్టు బల్ల మీద కూర్చున్నారు.

"టేపు సంచిలో పెట్టమ్మా. టీ తాగు."

"సార్, కొలతలకు కదా వచ్చాం?"

"పాడి ఆవును కొనల్లంటే ఏ వేళకు పోతాము? పాలు పిండే వేళకు. బడి కట్టల్లంటే గంట కొట్టే వేళకు రావల్ల. కూసో."

కూర్చున్నాం. గంటకు ముందు పిల్లలు రావడం మొదలైంది. మా నక్షాలో గేటు తారు రోడ్డు మీద ఉంది. రోడ్డు మీద వచ్చినవాళ్లు కొందరే. మిగిలిన వాళ్లంతా వెనుక నుంచి, రైలు కట్ట పక్కన, వేరుశనగ చేను గట్టు మీద ఒకరి వెనుక ఒకరు వరసగా వస్తున్నారు. రాష్ట్ర సరిహద్దు అవతలి పల్లెల నుంచి వచ్చే పిల్లలకు అదే దగ్గర. మేము కట్టబోయే గోడ సరిగ్గా ఆ గట్టుకు అడ్డంగా వస్తుంది.

నాలోని వాదపోటీల మనిషి ఊరుకోలేదు. "పిల్లలు దారి మార్చుకోలేరా సార్? క్రమశిక్షణ నేర్పేదే కదా బడి?"

ఆయన వక్కపొడి నోట్లో వేసుకుని నవ్వారు. "నేర్పుతాది. లోపలికొచ్చినాక. ముందు రానీ."

గేటు గట్టు వైపుకు మారింది. ఆ వయసులో నాకది ఒక ముసలాయన చాదస్తంలా కనిపించింది. ఆ తర్వాత ఎన్ని బడులు కట్టినా గంట వేళకు ఒకసారి వెళ్లి కూర్చోకుండా గీత గీయలేదు.

పుంగనూరు: నిండుగా ఉన్న నీళ్లతొట్టి

పుంగనూరులో పని చేసినప్పుడు, కొత్త హైస్కూలు పునాది వేసిననాటికి ఉన్న పిల్లల సంఖ్య స్లాబు పడేనాటికి ఎక్కడా పొంతన లేకుండా పెరిగిపోయింది. చౌడేపల్లె చుట్టుపక్కల నుంచి కుటుంబాలు టౌనుకు వస్తున్నాయి. తాతలు ఒకరి చేలో కూలికి పోయినవాళ్లు; తల్లిదండ్రులు ఇప్పుడు పాల డెయిరీలోనో, ఆసుపత్రిలోనో, ఆఫీసులోనో నెల జీతం మీద ఉన్నవాళ్లు. వాళ్లకు పిల్లల చదువు విషయంలో ఒక తొందర ఉంటుంది. ఆ తొందరను మన అంచనాలు ఎప్పుడూ అందుకోవు. గదులు తెరిచిన నెలకే వరండాల్లో తరగతులు నడిచాయి. అప్పటి నుంచి నేను వరండాను నడిచేందుకు కాక, కూర్చునేందుకు సరిపడేలా గీశాను. పై అధికారులు దండగ అన్నారు. వాళ్లు వాన రోజు ఆ వరండాలో పాఠం విని ఉండరు.

అక్కడే సరోజమ్మ గారు పరిచయమయ్యారు. సైన్సు టీచరు, మాట కరుకు. ఒక మధ్యాహ్నం నన్ను ఆడపిల్లల నీళ్లతొట్టి దగ్గరికి తీసుకెళ్లారు.

"మూత తీసి సూడండి మేడం."

తీశాను. నిండుగా ఉంది.

"పొద్దున నింపింది నింపినట్టే ఉండాది. మా పిల్లోళ్లకు దప్పి కాదనుకున్నారా?"

నాకు అర్థం కాలేదు. ఆమె చెయ్యి చాచి మైదానం అవతలి మూలను చూపించారు. ఆడపిల్లల మరుగుదొడ్డి అక్కడుంది. వాస్తు ప్రకారం ఈశాన్యాన ఉండకూడదని, ఆగ్నేయాన వద్దని, చివరికి భవనం వెనుక, పొదల పక్కన, ఎవరి కంటా పడని మూలకు తోశారు. అంత దూరం ఒంటరిగా పోలేక పిల్లలు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగడం మానేశారు.

వాస్తును నేను ఎగతాళి చెయ్యను. మన దగ్గర ఒక మనిషి జన్మలో ఒకసారి ఇల్లు కడతాడు. ఉన్నదంతా అందులో పోస్తాడు. ఆ భయానికి ఒక ఆసరా కావాలి. కానీ బడి ఒకరి ఇల్లు కాదు. ఇంటి యజమాని భయం ఇంటిని కాపాడుతుందేమో. బడిలో పెద్దల భయాన్ని పిల్లలు మోస్తారు. ఆ మరుగుదొడ్డిని మేము మరుసటి ఏడు వరండా చివరికి మార్చాం. సరోజమ్మ గారు మెచ్చుకోలేదు. "ఇప్పుడు తొట్టి రెండుసార్లు నింపల్ల" అని మాత్రం విసుక్కున్నారు.

మదనపల్లె: బైపాసు పక్క స్థలం

చాలా ఏళ్ల తర్వాత మదనపల్లెలో మళ్లీ ఆమె దగ్గరికే చేరాను. అప్పటికామె ఊరి చివర ఒక కాలనీలో ప్రాథమికోన్నత పాఠశాల హెడ్మిస్ట్రెస్. ఆ కాలనీలో పట్టుమగ్గాల వాళ్లు, దర్జీలు, చెక్కపని వాళ్లు, పల్లెల నుంచి కొత్తగా దిగిన కుటుంబాలు ఉన్నాయి. సగం ఇళ్లలో ఉర్దూ, సగం ఇళ్లలో తెలుగు, వీధిలో రెండూ. బడి ఏడో తరగతి వరకే. ఎనిమిదికి టౌను హైస్కూలుకు పోవాలంటే బైపాసు దాటాలి. టమోటా లారీలు మార్కెట్టు వేళకు అందుకోవాలని పరిగెత్తే రోడ్డు అది. మగపిల్లలు సైకిళ్ల మీద దాటేవాళ్లు. ఆడపిల్లల చదువు చాలా ఇళ్లలో ఏడుతోనే ముగిసేది.

టౌను హైస్కూలు కూడా పిల్లలతో కిక్కిరిసి ఉంది. అందుకే కొత్త హైస్కూలు మంజూరైంది. స్థలం కాలనీకి తూర్పున, బైపాసుకు పడమర వైపున, రెండింటి మధ్య. బైపాసు వెంబడి కొత్త లేఅవుట్లు లేస్తున్నాయి. నేను అలవాటు ప్రకారం గంట వేళకు వెళ్లి కూర్చున్నాను. బడి ఇంకా లేదు కాబట్టి సరోజమ్మ గారి బడి గంటే ఆధారం. ఏడో తరగతి పిల్లలు ఆ ఖాళీ స్థలంలోకి ఆటకు వస్తారు. కాలనీ సందు చివర నుంచి స్థలంలోకి కాలిబాట అప్పటికే పడి ఉంది.

ఒక పిల్ల నా నక్షా మీదికి వంగి చూసింది. పేరు గుల్నార్. లెక్కల్లో ఆమెదే మొదటి స్థానమని వెంట ఉన్న పిల్లలు చెప్పారు.

"మేడం, పదో తరగతి గది యాడొస్తాది?"

మేడ మీద, పడమటి చివర వస్తుందని చూపించాను.

"అయితే మా మిద్దె మీద నుంచి కనపడతాది" అంది. ఆ మాటలో ఇంకా కట్టని గదిలో తన చోటు తాను పట్టుకున్న ధీమా ఉంది.

నక్షాలో పిల్లల గేటు పడమర, కాలనీ సందుకు ఎదురుగా పెట్టాను. బైపాసు వైపు వాహనాలకు చిన్న గేటు. ఇంతకంటే తేలికైన నిర్ణయం నా ఉద్యోగంలో లేదనుకున్నాను.

నేను బాగా మాట్లాడిన రోజు

బడి కమిటీ సమావేశం సరోజమ్మ గారి బడి ఆవరణలో, షామియానా కింద జరిగింది. అధ్యక్షుడు చలపతి. బైపాసు పక్క లేఅవుట్లు ఆయనవే. చెడ్డవాడు కాదు, స్థలం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవాడు ఆయనే. తండ్రి పేరు మీద బడికి పెద్ద ఆర్చి కట్టిస్తానని మాటిచ్చాడు. ఆర్చి కట్టాలంటే అది రోడ్డుకు కనపడాలి. రోడ్డు తూర్పున ఉంది.

"మేడం, అంతా బాగుండాది గానీ, వాకిలి పడమర యాల పెట్టినారు? సదువులమ్మ గుడికి ఎవురైనా పడమటి వాకిలి పెడతారా?" అన్నాడు చలపతి.

కుర్చీల్లో కూర్చున్న పెద్దలు తలలాడించారు. ఆడవాళ్లు గోడ వారగా నిలబడి ఉన్నారు. మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు రమణప్ప గారు నా పక్కన కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటున్నారు.

నేను లేచాను. మాస్టారి నియమం ప్రకారం ముందు వాళ్ల వాదం చెప్పాను. పొద్దుటి ఎండ తరగతి గదికి మంచిదన్నాను. ప్రధాన రహదారి వైపు ముఖం ఉంటే బడికి గౌరవమని, బయటి ఊళ్ల పిల్లలకు బస్సు దిగగానే కనపడుతుందని చెప్పాను. పడమర గేటు తెరిస్తే కాలనీ నుంచి బైపాసుకు జనమంతా బడి మధ్య నుంచి అడ్డదారి చేసుకునే ప్రమాదం ఉందని కూడా, వాళ్లకు తోచని పాయింటును నేనే అందించాను. రెండు వాకిళ్లుంటే ఇద్దరు కాపలాదార్లు కావాలని వివరించాను. ఇక "అయితే" అని మొదలుపెట్టబోయేటప్పటికి చప్పట్లు మొదలయ్యాయి.

చలపతి ముఖం వెలిగిపోయింది. "చూసినారా! మా మాట మాకంటే మేడమే బాగా చెప్పె. ఇంజినీరే ఒప్పుకున్నాక ఇంకేముండాది? తూర్పే ఖాయం!"

"నేను ఒప్పుకోలేదండీ, ఇంకా చెప్పేది ఉంది..."

"ఇంకా యాలమ్మా, అంతా బాగా చెప్పినారు కదా!"

వేదిక మీద అయితే గంట కొట్టేదాకా వక్తను ఎవరూ ఆపరు. షామియానా కింద గంట లేదు. కాఫీ వచ్చేసింది.

గోడ దగ్గర నుంచి ఒక గొంతు గట్టిగా వినిపించింది. గుల్నార్ తల్లి మెహరున్నీసా. ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది.

"అప్పా చలపతప్పా! తూర్పున దేవుడుండాడు, సరే. పడమర మేముండాము కదా!"

నవ్వులు లేచాయి. చలపతి కూడా నవ్వాడు. "మీరు యాడికి పోతారులేమ్మా, ఈ పక్కనే కదా! లేఅవుటు సుట్టూ తిరిగి బైపాసు మీదొస్తే అయిపాయ. నడిస్తే ఆరోగ్యం!"

"అరె, ఆరోగ్యం మీరూ తెచ్చుకోండప్పా. మీ మనవరాలిని లారీల పక్కన నడిపించండి."

ఈసారి నవ్వు కొంచెం తగ్గింది. కానీ తీర్మానం అప్పటికే అయిపోయింది.

తిరిగి వెళ్లేటప్పుడు జీపులో రమణప్ప గారు కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. తర్వాత అన్నారు: "నువ్వు తీర్పు చెప్పే పెద్ద మనిషి ముందర మాట్లాడినట్టు మాట్లాడినావమ్మా. ఈడ అట్లాంటి మనిషి లేడు. ఎవురి పక్క వాళ్లే జడ్జీలు."

"గేటు విషయంలో మనం పట్టుబట్టలేమా సార్?"

"పట్టుబడితే ఆర్చి పోతాది. ఆర్చి పోతే ఆయప్ప అలుగుతాడు. ఆయప్ప అలిగితే ఈ స్థలం కాక ఊరవతల ఇంకో స్థలం వెతుకుతారు. బడి లేవనీ ముందు. గేటు తర్వాత పెట్టుకోవచ్చు."

రమణప్ప గారి గురించి నా అభిప్రాయం నిజాయితీగా చెప్పాలి. ఆయన పిరికివాడు కాదు. ఎన్నో బడులు ఆగిపోకుండా కాపాడింది ఆయన ఓర్పే. ఆ రోజు ఆయన చెప్పినదాంట్లో ప్రతి మాటా నిజం, ఒక్క "తర్వాత" తప్ప. భవనానికి తర్వాత అనేది ఉంటుంది. గోడను పగలగొట్టి మళ్లీ కట్టొచ్చు. ఏడో తరగతి దాటిన పిల్లకు "తర్వాత" ఉండదు. ఆమె వయసు మన బిల్లుల కోసం ఆగదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ షామియానా కింద అందరూ దిక్కుల గురించి మాట్లాడారు. నిజానికి తేల్చుకున్నది బడి ఎవరికి ముఖం చూపాలి, ఎవరికి వీపు చూపాలి అన్న విషయం. లేఅవుట్ల వాళ్లకు ముఖం, కాలనీకి వీపు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. మన సమావేశాల్లో అసలు కారణం ఎప్పుడూ కుర్చీల్లో కూర్చోదు. మీరు వాదించవలసి వస్తే ముందు దాన్ని వెతకండి. నేనేమో వాళ్లు పైకి చెప్పిన కారణాన్నే పట్టుకుని వాదించాను.

గోడకు అటూ ఇటూ

బడి లేచింది. అందమైన బడి. వెడల్పైన వరండాలు, వరండా చివర మరుగుదొడ్లు, మేడ మీద పడమటి చివర పదో తరగతి గది. ఆర్చి మీద చలపతి తండ్రి పేరు బంగారు రంగు అక్షరాల్లో ఉంది. సరోజమ్మ గారినే హెడ్మిస్ట్రెస్‌గా వేశారు. తొలి ఏడే పిల్లలు గదులకు మించి వచ్చారు: లేఅవుట్ల నుంచి, బస్సుల్లో కలికిరి వైపు నుంచి, ఆటోల్లో. అందరూ సంతోషించారు. పడమర మాత్రం నిలువెత్తు రాతి గోడ.

వానలు పట్టాక సరోజమ్మ గారు కబురు పెట్టారు. ఎనిమిదో తరగతి గదిలోకి తీసుకెళ్లి, వెనుక బెంచీల వైపు చూపించారు. ఖాళీ.

"కాలనీ ఆడపిల్లోళ్లు?" అన్నాను.

"చేరినారు. తండ్రులు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చినారు మొదట్లో. తండ్రులకు పనులుండవా? తర్వాత గుంపుగా నడిచినారు. రోడ్డు వారంతా బురద. మొన్న లారీ దగ్గరగా పోయింది. తగల్లేదు. ఆ గాలికే గుల్నార్ పక్కనుండే పిల్లతో సహా గుంతలో పడింది. మోచేతికి దెబ్బ. ఆ మరుసటి రోజు నుంచి ఒక్కరూ లేరు."

మెహరున్నీసా ఇంటికి ఇద్దరం వెళ్లాం. గుల్నార్ మిషను దగ్గర కూర్చుని గుడ్డ అంచు మడుస్తోంది. చెల్లెలు నస్రీన్ దారపు ఉండలతో ఆడుకుంటోంది. తల్లి మాకు పీట వేసింది, టీ పెట్టింది. కోపం చూపలేదు, అది చూపి ఉంటే నాకు తేలికగా ఉండేది.

"పంపకూడదని కాదు మేడం. బిడ్డ బడికి పోయి తిరిగి ఇంటికి రావల్ల కదా? రెండూ జరగల్ల."

"గేటు పెట్టిస్తాం, కొంచెం ఓపిక పట్టు" అన్నారు సరోజమ్మ గారు.

"మీరు ఓపిక అంటారు. దాని అత్త వాళ్లు సంబంధం అంటారు. మిషను పని నా ఒక్కదానితో తెమలడం లేదు." గుల్నార్ తల ఎత్తలేదు. సూది ఆగలేదు.

గేటు కోసం నేను రాశాను. రమణప్ప గారు కూడా రాశారు. కమిటీ ఒప్పుకోలేదు. తూర్పు ఆర్చికి ఎదురుగా పడమటి తలుపు తెరిస్తే బడిలోకి వచ్చిన సరస్వతి వచ్చిన దారినే పోతుందన్నారు. అడ్డదారి భయం కూడా గుర్తుచేశారు. అది నేను నేర్పిన వాదమే. ఆ విద్యా సంవత్సరం అలా గడిచిపోయింది.

రాళ్లు పేర్చి పెట్టారు

మరుసటి ఏడు బడి తెరిచిన మొదటి వారంలో చలపతి నుంచి ఫోను. "మేడం, దౌర్జన్యం జరిగింది. గోడ పగలగొట్టినారు. మీరొచ్చి నష్టం రాయల్ల. కేసు పెడతాను."

వెళ్లాను. పడమటి గోడలో, కాలనీ సందు చివరికి ఎదురుగా, ఇద్దరు మనుషులు పక్కపక్కన నడవగలిగేంత గండి. మెహరున్నీసా, మరికొందరు తల్లులు కొంగులు నడుముకు చుట్టుకుని అక్కడే నిలబడి ఉన్నారు. ఎవరూ పారిపోలేదు.

"పగలగొట్టలేదు మేడం, తీసినాము" అంది మెహరున్నీసా. "రాయి కూడా పోలేదు. అదో, పేర్చి పెట్టినాము. సర్కారు రాళ్లు మాకెందుకు?"

గోడ వారగా రాళ్లు సైజుల వారీగా, వంటింట్లో గిన్నెలు సర్దినట్టు, పేర్చి ఉన్నాయి.

చలపతి వేలు చూపించాడు. "చూసినారా, ఎంత ధైర్యమో! రాయండి మేడం."

నాలుక చివరి దాకా వాదం వచ్చింది. పాత సమావేశం, పాత పాయింట్లు, ఖండనలు, అన్నీ వరసగా సిద్ధంగా ఉన్నాయి. కుప్పం టీకొట్టు గుర్తొచ్చింది.

"రాస్తానప్పా. గంట కొట్టేదాకా ఆగుదాం. కుర్చీ, టీ తెప్పిస్తారా?"

"టీ యాల ఇప్పుడు?"

"పొద్దున తాగలేదు."

ఆయనకు అర్థం కాలేదు కానీ మర్యాద తెలిసిన మనిషి, తెప్పించాడు. ఇద్దరం రాళ్ల కుప్ప పక్కన కూర్చున్నాం. తల్లులు నిలబడే ఉన్నారు. కాసేపటికి సందు చివర తెల్లటి రిబ్బన్లు కనిపించాయి. ఇద్దరు, ఐదుగురు, తర్వాత వీధంతా. పాత బాట మీదికి, ఎవరూ చెప్పకుండానే, పిల్లలు తిన్నగా వచ్చారు. వాళ్లలో గుల్నార్ లేదు; ఆ ఏడాదిలో మిషను ఆమె చేతికి వచ్చేసింది. మమ్మల్ని చూసి కొంచెం ఆగారు. కొందరు "నమస్తే మేడం", కొందరు "సలాం" అని గండిలో నుంచి లోపలికి వెళ్లారు. చివరన ఒక చిన్నపిల్ల చలపతికి కూడా నమస్కారం పెట్టింది. ఆయన టీ గ్లాసు పట్టుకున్న చేత్తోనే బదులిచ్చాడు.

గంట మోగింది. బాట ఖాళీ అయింది. ఆయన గ్లాసు కింద పెట్టి ఆ గండి వైపు చూశాడు.

"ఇంతమంది వీళ్ల ఇళ్లలో ఉండారా, పోయినేడంతా?" అన్నాడు నెమ్మదిగా.

మెహరున్నీసా చెప్పింది. "ఉండారప్పా. యాడికి పోతారు? ఈ పక్కనే కదా!"

అది ఆయన మాటే. ఆయనకు గుర్తొచ్చిందో లేదో తెలియదు. లేచి, పంచె దులుపుకుని, "గేటు పెట్టండి మేడం. ఆర్చి మాత్రం వద్దు. మా నాయన గేటు కంటే పెద్దదిగా ఉండకూడదు" అన్నాడు.

"ఉండదప్పా."

"దాన్ని వాకిలి అనబాకండి. పక్క దోవ అనండి. మా వాస్తాయన వింటే బాగుండదు."

ఆ రోజే కాగితం మీద పెట్టాను: పడమటి గోడలో పిల్లల రాకపోకలకు దారి అవసరం. రమణప్ప గారు చదివి, సంతకం చేసి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "పోయినేడు కూడా ఇదే కదమ్మా రాసినాము" అన్నారు. అప్పుడు మా కాగితానికి ముందు తల్లులు రాళ్లు తీసి ఉండలేదు. అదొక్కటే తేడా.

ఆ ఇనుప గేటు ఇప్పుడూ ఉంది. సరస్వతి ఎటూ పోలేదు. అడ్డదారి చేసుకున్నవాళ్లు కొందరున్నారు. కాపలాదారు వాళ్లతో రోజూ గొడవ పడతాడు. నా వాదంలో ఆ పాయింటు నిజమే. దాని ఖరీదు ఒక కాపలాదారు గొంతు నొప్పి అని మాత్రం ఆ రోజు ఎవరూ తూచలేదు.

పక్క దోవ దగ్గర

కొత్త ఇంజనీర్లకు చెప్పేది ఇంతే. మీకు మాట్లాడడం వస్తే మంచిదే. ఆ విద్యను వదులుకోమనను. కానీ బడి విషయంలో మనకు తీర్పు చెప్పేవాళ్లు సమావేశంలో ఉండరు. వాళ్లు పొద్దున గంట వేళకు వస్తారు, లేదా రారు. రాని వాళ్లను చూడడం ఈ ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన పని. ఉన్నవాళ్లతో గదులు నిండిపోయినప్పుడు అది మరీ కష్టం. ఆ తొలి ఏడు మేమంతా ఎలా పొంగిపోయామో మరిచిపోలేను. నిండిన బడిని చూసి ఎవరూ ఖాళీని వెతకరు.

విరమణ తర్వాత ఒక ఉదయం అటు వెళ్లాను. పడమటి గేటు పక్కన నిలబడ్డాను. పిల్లలు వస్తున్నారు. వాళ్ల మధ్య, చెల్లెలి చెయ్యి పట్టుకుని, గుల్నార్ వచ్చింది. నస్రీన్ ఇప్పుడు ఎనిమిదో తరగతి. ఒంటి మీది యూనిఫారం చక్కగా అమిరింది; కాలర్ మడత, మడత మీద కుట్టు, ఎక్కడా వంకర లేదు.

"ఎవరు కుట్టారమ్మా?"

"నేనే మేడం. ఈ బడి యూనిఫారాలు సగం మా ఇంట్లోనే కుడతాండాము." మొహమాటం లేదు, గొప్ప కూడా లేదు. పని తెలిసినవాళ్లు పని గురించి చెప్పినట్టు చెప్పింది.

"మళ్లీ చదువుతావా? ఇంటి నుంచే రాసే పరీక్షలున్నాయి. సరోజమ్మ గారు పుస్తకాలిస్తామన్నారు."

"అన్నారు మేడం. సూస్తాను. వచ్చే నెల నిఖా." చెల్లెలి జడ రిబ్బను సరిచేసింది. "దీనికి లెక్కలు రావు. సాయంత్రం నేనే చెప్తాను."

నస్రీన్ లోపలికి పరిగెత్తింది. గుల్నార్ గేటు బయటే ఆగింది.

"లోపలికి రామ్మా. గంటకు ఇంకా టైముంది. మేడ మీది పదో తరగతి గది చూద్దువు."

ఆమె తల ఎత్తి ఆ గది కిటికీల వైపు ఒకసారి చూసింది.

"మా మిద్దె మీద నుంచి కనపడతాది మేడం. గుడ్డలు ఆరేసేటప్పుడు రోజూ సూస్తానే ఉండాను."

గంట మోగింది. ఆమె సందులోకి తిరిగి, ఎదురొచ్చే పిల్లలకు పక్కకు జరిగి దారిస్తూ, ఇంటికి వెళ్లిపోయింది.